టవరు మీది ఫోటో

1935 నవంబరు 5. న్యూయార్క్‌లో రేడియో ఇంజనీర్ల సమావేశం. ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే 44 ఏళ్ళ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు తన పత్రం చదవడం ముగించి, పక్కనున్న రేడియో వైపు తిరిగాడు. మొదట మామూలు హోరే వచ్చింది. తర్వాత ఆ హోరు ఠక్కున ఆగిపోయింది. సెట్టు పాడైందేమో అనిపించేంత నిశ్శబ్దం. అందులోంచి ఒక గొంతు, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా, యాంకర్స్ పట్టణం నుంచి మాట్లాడుతున్నామని చెప్పింది. ఆర్మ్‌స్ట్రాంగ్ మిత్రుడు రన్యన్ అక్కడ పెట్టుకున్న చిన్న స్టేషను అది. అక్కడ గ్లాసులో నీళ్ళు పోశారు, కాగితం చింపారు, గంట కొట్టారు. నీళ్ళు నీళ్ళలాగే వినిపించాయి. కాగితం కాగితంలాగే చిరిగింది.

ఇందులో గొప్పేముందని ఇప్పటి పిల్లలు అడగొచ్చు. మీడియం వేవ్ విన్న పెద్దవాళ్ళు అడగరు. వేసవి సాయంత్రం ఎక్కడో మబ్బు పట్టిందంటే చాలు, బెజవాడ స్టేషను గరగరలాడేది. రేడియో నాటకం మంచి పట్టులో ఉండగా దూరాన మెరుపు మెరిసేది, ఇక్కడ సెట్టులో ఫట్‌మని మాట తెగిపోయేది. పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు వేసినా అదే గోల.

దానికి కారణం ఉంది. మీడియం వేవ్‌లో మాటనీ పాటనీ మోసుకొచ్చేది తరంగం ఎత్తు. గొంతు పెరిగితే ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మెరుపు చేసేది కూడా ఆ ఎత్తును చెదరగొట్టడమే. ఏది పాటో, ఏది పిడుగో రేడియోకి తెలిసే దారి లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఎత్తు జోలికే పోలేదు. తరంగం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో, ఆ సంఖ్యలో పెట్టాడు పాటని. రిసీవరులోకి వచ్చిన తరంగం ఎత్తుని ఒకే మట్టానికి కత్తిరించే సర్క్యూట్ అమర్చాడు. పిడుగు తెచ్చిన ఎగుడుదిగుడంతా అక్కడే తెగిపోతుంది, పాట మాత్రం లోపలికి వస్తుంది. మనం ఎఫ్.ఎం. అంటున్నది దీన్నే.

ఈ దారి ముందు తొక్కినవాళ్ళు లేకపోలేదు. అందరూ ఇరుకు బాండులో ప్రయత్నించి లాభం లేదన్నారు. బెల్ టెలిఫోన్ సంస్థకు చెందిన జాన్ కార్సన్ 1922లో లెక్క కట్టి మరీ లాభం లేదని తేల్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ అందరూ ఇరుకు చేస్తున్నదాన్ని వెడల్పు చేశాడు. ఏ.ఎం. స్టేషనుకి 10 కిలోహెర్ట్జ్ చోటు ఇస్తే, ఈయన 200 తీసుకున్నాడు. గరగర పోయింది. 1933 డిసెంబరు 26న, ఒక్క రోజే, ఆయనకు అయిదు పేటెంట్లు వచ్చాయి.

చంద్రుడి మీద అడుగుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు. ఆయన పేరు ఒకటో తరగతి పిల్లవాడికీ తెలుసు. హైదరాబాద్ ఆటోల్లో, విజయవాడ బస్సుల్లో పొద్దస్తమానం మోగే ఎఫ్.ఎం. వెనక ఉన్న ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మాత్రం ఎవరి నోటా వినిపించదు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

1890లో న్యూయార్క్‌లో పుట్టి, యాంకర్స్‌లో పెరిగాడు. చిన్నప్పుడు జబ్బు చేసి తగ్గింది గానీ, కంగారు పడితే మెడా భుజమూ అదిరే అలవాటు జీవితాంతం మిగిలిపోయింది. పదిమందిలో బిడియం. ఎత్తంటే మాత్రం భయమే లేదు. కుర్రవాడుగా ఉన్నప్పుడే ఏరియల్ కోసం ఇంటి దగ్గర 125 అడుగుల స్తంభం స్వయంగా నిలబెట్టి, దాని మీదికి ఎగబాకేవాడు. 1912లో, ఇంకా డిగ్రీ చదువుతుండగానే, లీ డిఫారెస్ట్ తయారుచేసిన ఆడియన్ అనే గాజు గొట్టంతో కుస్తీ పట్టి, అందులోంచి వచ్చిన కరెంటును మళ్ళీ దానిలోకే తిప్పి పంపితే అతి బలహీనమైన సంకేతం కూడా ఎన్నో రెట్లు పెద్దదవుతుందని కనిపెట్టాడు. పేటెంటుకి డబ్బు కావాలని తండ్రిని అడిగితే, ముందు డిగ్రీ పూర్తిచెయ్యమన్నాడు. ఆ ఆలస్యం ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది.

1914 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, న్యూజెర్సీ తీరాన బెల్మార్‌లోని మార్కొనీ కంపెనీ స్టేషనులో ఆ సర్క్యూట్ బిగించిన పెట్టెను పరీక్షకు పెట్టారు. కంపెనీ తరఫున పరీక్షించడానికి వచ్చినవాడు డేవిడ్ సార్నాఫ్. రష్యా నుంచి అమెరికాకు వలస వచ్చిన పేద యూదు కుటుంబం. చిన్నతనంలో న్యూయార్క్ వీధుల్లో పేపర్లు అమ్మి, టెలిగ్రాఫ్ నేర్చుకుని పైకొచ్చినవాడు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. ఆ రాత్రి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సముద్రాలవతలి స్టేషన్లను విన్నారు. హొనొలులు సైతం వినిపించింది. అక్కడ మొదలైంది వాళ్ళ స్నేహం. తర్వాతి కాలంలో ఆర్మ్‌స్ట్రాంగ్ పొద్దున్నే సార్నాఫ్ ఇంటికి కాఫీకి వెళ్ళేవాడు. ఆ ఇంటి పిల్లలు ఆయన్ని ‘కాఫీ మనిషి’ అని పిలిచేవారట.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంతో పారిస్ వెళ్ళి, 1918లో సూపర్‌హెటెరోడైన్ సర్క్యూట్ రూపొందించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలో తయారైన రేడియోలన్నీ దాదాపు ఆ పద్ధతివే. 1922లో మరో ఆవిష్కరణను ఆర్.సి.ఎ. అనే రేడియో కంపెనీకి రెండు లక్షల డాలర్లకీ, 60,000 వాటాలకీ అమ్మాడు. దాంతో ఆ కంపెనీలో అందరికంటే పెద్ద వ్యక్తిగత వాటాదారు అయ్యాడు. అప్పటికే ఆ కంపెనీ జనరల్ మేనేజరు సార్నాఫ్.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1923 మే నెలది. న్యూయార్క్ 42వ వీధిలో ఏయోలియన్ హాల్ అనే భవనం ఉంది. చాలా ఎత్తయిన భవనం. దాని డాబా మీద ఆర్.సి.ఎ. కొత్త స్టేషను కోసం వంద అడుగులు దాటిన ఇనుప టవర్లు నిలబెట్టారు. ఒక టవరు కొనన ఇనుప పట్టీలతో చేసిన గోళం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకనాడు చక్కగా సూటూ బూటూ వేసుకుని ఆ టవరెక్కి, గోళం మీద నిలబడ్డాడు. కింద వీధి చీమలబారులా కనిపిస్తుంటే ఫోటోలు తీయించుకున్నాడు. సార్నాఫ్‌కి సంగతి తెలిసి ఒళ్ళు మండిపోయింది. ఇక ఆ డాబా మీదికి రావద్దని కట్టడి చేశాడు.

ఆ సాహసమంతా ఎవరి కోసమంటే, మేరియన్ మెక్‌ఇన్నిస్ అనే అమ్మాయి కోసం. మసాచుసెట్స్ నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. పొడుగ్గా, చక్కగా ఉండేది. నలుగురిలో నోరు విప్పలేని ఆ మనిషి, తన దగ్గరున్న ఖరీదైన హిస్పానో-సూయిజా కారులో ఆమెను ఎక్కించుకుని గాలిలా నడిపేవాడు. టవరు మీది ఫోటోలు ఆమెకే పంపాడు. ఆ డిసెంబరు 1న పెళ్ళయింది. పెళ్ళికానుకగా ఆమెకు ఏమిచ్చాడో తెలుసా? తన చేత్తో చేసిన రేడియో. చేత పట్టుకుని తీసుకెళ్ళగలిగిన మొదటి సూపర్‌హెటెరోడైన్ రేడియో అదే. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ ఇసుకలో ఆ రేడియోని మధ్య పెట్టుకుని కొత్త దంపతులిద్దరూ కూర్చున్న ఫోటో ఇప్పటికీ ఉంది. ప్రేమలేఖలు రాసేవాళ్ళని చూశాం. ప్రేమను సర్క్యూట్‌గా చుట్టి ఇచ్చినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

మంచి రోజులు అక్కడితో అయిపోయాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ విద్యార్థిగా కనిపెట్టిన మొదటి సర్క్యూట్ తనదేనని డిఫారెస్ట్ పట్టుబట్టాడు. 1914లోనే మొదలైన ఆ తగాదా కోర్టులకెక్కి 20 ఏళ్ళు సాగింది. ఒక దశలో ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచాడు కూడా. కోర్టు ఖర్చులు వదులుకుంటే అక్కడితో ముగిసేదే. వదులుకోలేదు. అది ఆయన స్వభావం. నిజం నాదైనప్పుడు రాజీ దేనికనే మనిషి. 1934లో అమెరికా సుప్రీంకోర్టు డిఫారెస్ట్‌కే హక్కు ఇచ్చింది. ఆ సర్క్యూట్ కోసం ఇంజనీర్ల సంస్థ తనకు ఇచ్చిన పతకాన్ని తిరిగి ఇచ్చేద్దామని ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిలడెల్ఫియా సభకు పట్టుకెళ్ళాడు. ఇంజనీర్లు తీసుకోలేదు. ఆ పతకం మీదేనని మళ్ళీ ప్రకటించి, ఆయన్నే ఉంచుకోమన్నారు. చట్టం ఏమన్నా, పని తెలిసినవాళ్ళకి ఆ పని ఎవరిదో తెలుసు.

సార్నాఫ్ ఎన్నాళ్ళుగానో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అడుగుతుండేవాడు, రేడియోలో గరగర పోగొట్టే చిన్న పరికరం ఏదైనా చేసిపెట్టమని. ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. చేసి చూపించాడు. అది చిన్న పరికరం కాదు. కొత్త స్టేషన్లు కావాలి, ఇళ్ళల్లో కొత్త సెట్లు కావాలి. ఉన్న ఏ.ఎం. సామ్రాజ్యం మొత్తం పాతబడిపోతుంది. 1934లో ఎంపైర్ స్టేట్ భవనం 85వ అంతస్తు నుంచి ఎఫ్.ఎం. ప్రసారాలు పరీక్షించారు. పిడుగులు పడుతున్నప్పుడు కూడా లాంగ్ ఐలాండ్‌లో శుభ్రంగా వినిపించాయి. 1935లో ఆ చోటు టెలివిజన్ ప్రయోగాలకు కావాలి, సామాను తీసేసుకోమని ఆర్.సి.ఎ. చెప్పింది.

సార్నాఫ్‌ని దుర్మార్గుడని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఆయన టెలివిజన్‌ని నమ్మాడు. కంపెనీ డబ్బు దాని మీద పెట్టాడు. వ్యాపారిగా ఆయన లెక్క ఆయనకుంది. కానీ అవతల ఉన్నది మామూలు ఉద్యోగి కాదు, ఇరవై ఏళ్ళ స్నేహితుడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఆర్.సి.ఎ. వాటాలు కొన్ని అమ్ముకుని, న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో హడ్సన్ నది ఒడ్డున కొండ మీద 425 అడుగుల టవరు సొంత డబ్బుతో కట్టించాడు. అక్కడి నుంచి తానే ఎఫ్.ఎం. ప్రసారాలు మొదలుపెట్టాడు. విన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. జనరల్ ఎలక్ట్రిక్, జెనిత్ లాంటి కంపెనీలు రాయల్టీ కట్టడానికి ఒప్పుకున్నాయి. 1940లో ఆర్.సి.ఎ. కూడా దిగొచ్చింది. రాయల్టీ ఇవ్వం, ఒకేసారి పది లక్షల డాలర్లు ఇస్తాం, తీసుకోమంది. మిగతావాళ్ళు సెట్టుకింత అని కడుతుంటే వీళ్ళకొక్కళ్ళకీ వేరే ధర్మం ఏమిటని ఆర్మ్‌స్ట్రాంగ్ కాదన్నాడు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. తన ఎఫ్.ఎం. పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోమని అమెరికా సైన్యానికి ఇచ్చేశాడు. ట్యాంకుల్లో ఎఫ్.ఎం. సెట్లతోనే మాట్లాడుకున్నారు సైనికులు. యుద్ధం ముగుస్తుండగా, 1945లో, ప్రభుత్వ కమ్యూనికేషన్స్ కమిషన్ ఎఫ్.ఎం.ని పాత చోటు నుంచి లేపి ఇప్పుడు మన డయల్ మీదున్న 88–108 మెగాహెర్ట్జ్‌కి మార్చింది. అప్పటిదాకా జనం కొన్న లక్షల సెట్లు, ఆల్పైన్‌తో సహా కట్టిన స్టేషన్లు ఒక్క ఉత్తర్వుతో పనికిరాకుండా పోయాయి. మరోపక్క, 1941లోనే అమెరికా టీవీ ధ్వనికి ఎఫ్.ఎం.ని ప్రమాణంగా నిర్ణయించారు. అమ్ముడైన ప్రతి టీవీలోనూ ఆయన ఆవిష్కరణ ఉంది. ఆర్.సి.ఎ. ఆయనకు ఒక్క డాలరు రాయల్టీ కట్టలేదు.

1948లో ఆర్.సి.ఎ. మీద దావా వేశాడు. వాళ్ళ లాయర్లు ఏం చేశారో తెలిస్తే కడుపు మండుతుంది. విచారణకు ముందు వాంగ్మూలాలు తీసుకునే దశలోనే, ఆయన్ని ఏడాది పాటు ప్రశ్నల మీద ప్రశ్నలతో కూర్చోబెట్టారు. పేటెంటు గడువు 17 ఏళ్ళు. 1933 డిసెంబరులో వచ్చినవి 1950 డిసెంబరుకి చెల్లిపోతాయి. ఎంత సాగదీస్తే వాళ్ళకు అంత లాభం. సార్నాఫ్ వాంగ్మూలం ఇస్తూ, ఈ దేశంలో ఎఫ్.ఎం.ని అభివృద్ధి చెయ్యడానికి ఆర్మ్‌స్ట్రాంగ్‌తో సహా ఎవరికన్నా తన కంపెనీయే ఎక్కువ పాటుపడిందని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ అదే గదిలో ఉన్నాడు. బెల్మార్‌లో తన పక్కన కూర్చుని హొనొలులు విన్నవాడి నోటి నుంచి వచ్చిందా మాట.

పేటెంట్లు చెల్లిపోయాయి. దావా తెగలేదు. లాయర్ల ఫీజులకు ఆస్తి కరిగిపోయింది. 1953 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ నాడు, ముసలితనంలో పనికొస్తుందని ఎప్పుడో మేరియన్ పేరున వేసిన డబ్బులో కొంత తిరిగివ్వమని అడిగాడు. ఆమె ఇవ్వనంది. రాజీ పడమంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో కూడబెట్టుకున్నది కూడా కోర్టులో పోస్తే రేపు ఎలాగని ఆమె భయం. మాటా మాటా పెరిగింది. ఆయన కోపం పట్టలేక చలిమంట కదిపే ఇనుప కడ్డీ తీసి ఆమె చేతి మీద కొట్టాడు. ఆమె ఇల్లు వదిలి కనెక్టికట్‌లో ఉన్న సోదరి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏ వివాదంలో ఎవరిది న్యాయమైనా, ఆ దెబ్బకు సమర్థన లేదు. అది ఆయనకూ తెలుసు.

1954 జనవరి 31 రాత్రి ఆమెకొక ఉత్తరం రాశాడు. తనకు లోకంలో అన్నిటికన్నా ప్రియమైన మనిషిని ఎలా నొప్పించగలిగానో తనకే అర్థం కావడం లేదని, ఎంతో పశ్చాత్తాపపడుతున్నానని రాశాడు. ఆ రాత్రే ప్రాణం తీసుకున్నాడు. వయసు 63.

ఆర్.సి.ఎ. వైపు వాళ్ళు కథ ముగిసిందనుకుని ఉంటారు. భర్తను రాజీ పడమని బతిమాలిన మేరియన్, ఆయన పోయాక ఎస్టేటు బాధ్యత తీసుకుని దావా నడిపించింది. 1954 డిసెంబరులో ఆర్.సి.ఎ. రాజీకి వచ్చి పది లక్షల డాలర్లకు కొంచెం పైన కట్టింది. పద్నాలుగేళ్ళ కిందట ఆయన వద్దన్నదీ ఇంచుమించు అంతే. ఆయనుండగా రాజీ అన్న ఆమె, అక్కడితో ఆగలేదు. రాయల్టీ ఎగ్గొట్టిన మిగతా కంపెనీలన్నిటి వెంటా పడింది. పేటెంట్లు చెల్లిపోయినా, అవి బతికున్న రోజుల బాకీ బాకీయేనని పట్టుబట్టింది. ఒక్కొక్క కంపెనీ మీదా గెలవడమో, దాన్ని రాజీకి రప్పించడమో చేసింది. చివరిది మోటరోలా. 1967లో అదీ ఓడింది. ఎఫ్.ఎం. ఎవరిదో అమెరికా కోర్టుల రికార్డుల్లోకి ఎక్కింది. పదమూడేళ్ళ పోరాటం అది.

ఆర్.సి.ఎ. పెద్దలకు మేరియన్ కొత్తమనిషి కాదు. 1923లో టవరు మీది ఫోటోలు ఆమె చేతికి అందేనాటికి, ఆమె డేవిడ్ సార్నాఫ్ సెక్రటరీ.